మారని వాసన

అక్టోబరు 18

అత్తగారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. గుమ్మంలో బూట్లు విప్పకముందే ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. చూపు పోయినప్పటి నుంచి ఆమెకు ఇల్లంటే వాసనే.

"చిన్నోడు ఇంట్లో లేడా?" అంది.

"కాస్పియన్ దగ్గరికి పోయాడు అపా" అన్నాడు మా ఆయన. అమ్మని ఇద్దరం అపా అనే పిలుస్తాం. "సముద్రం మీద చమురు బావుల దగ్గర పని దొరికింది. లారీ మానేశాడు."

"నాకు చెప్పకుండానా?"

"నువ్వు అప్పుడు ఆ ఐసీయూ గాజుగదిలో ఉన్నావుగా, మమ్మల్నే రానివ్వలేదు. అక్కడ ఫోన్లు కూడా అందవంట."

వంగి బూట్లు విప్పుకుంది. తర్వాత, "మరి ఆ కిటికీ మూసేయండి. వాడు లేనప్పుడు కూడా చలిలో కూర్చోవాలా" అంది.

కిటికీ తెరిచింది నేనే. ఎందుకు తెరిచానో నాకే తెలియదు. గడ్డకట్టే చలిలో కూడా వాడు దాన్ని తెరిచేవాడు, ఆమె మూయమని అరిచేది. నేను వచ్చిన పదిహేనేళ్లూ అదే గొడవ.

అక్టోబరు 19

ఇంకెక్కడా రాయలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మరిది చనిపోయాడు. మొదటి మంచు పడ్డ రోజు, బల్ఖాష్ దారిలో, లారీ బోల్తాపడి. ఆయన వెళ్లి, కరతావు కొండల కింద ఉన్న సొంతూళ్లో, మామగారి పక్కన పూడ్చిపెట్టి వచ్చాడు. ఆ వేళకు నేను ఆసుపత్రిలో, అప్పుడే గాజుగది నుంచి మామూలు వార్డుకు మార్చిన అత్తగారి మంచం పక్కన కూర్చుని ఆపిల్ తొక్క తీస్తున్నాను. తొక్క తెగకుండా ఒకే ముక్కగా వచ్చింది. అదొక్కటే గుర్తుంది.

గుండె అసలే బలహీనంగా ఉంది, గట్టి దెబ్బ తగిలితే ఆగిపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆయన ఆ మాట పట్టుకున్నాడు. గుండె కుదుటపడ్డాక చెబుదాం అన్నాడు. వీధిలో అందరికీ చెప్పి పెట్టాం. ఎదురింటి ముసలావిడ గేటు దాకా ఏడుస్తూ వచ్చి, అక్కడ కళ్లు తుడుచుకుని, లోపలికొచ్చి ఆపిల్ జాము గురించి మాట్లాడి వెళ్లింది.

ఇక్కడ కూడా వాడి పేరు రాయలేకపోతున్నాను. కోడలు అత్తింటి మగవాళ్ల పేర్లు పలకదు. పలకకపోవడం ఎంత అలవాటైందంటే చేతికి కూడా రావడం లేదు. నేను కాపురానికి వచ్చేసరికి వాడికి పద్నాలుగేళ్లు. పేరు బదులు నేనో పేరు పెట్టుకోవాలి కదా, అత్తగారి ముద్దు చూసి గారాలబాబు అని పెట్టాను. వాడికి మండిపోయేది. పెద్దయ్యాక కూడా, లారీ నడిపే మీసాల మనిషి అయ్యాక కూడా, "వదినా, తోటి డ్రైవర్ల ముందు మాత్రం అలా పిలవకు, నీకు దణ్ణం పెడతా" అనేవాడు. నేను పిలిచేదాన్ని.

అక్టోబరు 26

శుక్రవారం. వాడు ఫోను చేసే రోజు. ఫోను ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది.

నవంబరు 3

"ఫోను అందకపోతే పోనీ. వాడు తొడుక్కున్నది ఏదైనా తెచ్చి ఇవ్వు" అంది.

తన పిల్లలు ఇంటికి రాగానే నుదుటికి ముక్కు ఆనించి వాసన చూస్తుంది. ముద్దు పెట్టుకోవడం మా పెద్దవాళ్లకు తెలియదు, ఇదే తెలుసు. అది లేక ఆమెకు అన్నం సయించడం లేదు. వాడి అల్లిక టోపీ దొరికింది, లోపల గుడ్డ అస్తరు ఉన్నది. తెచ్చి చేతిలో పెట్టాను. ముఖానికి ఆనించుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత రెండు గిన్నెల సూపు తాగింది. ఆయన ముఖం చూస్తే పండగలా ఉంది.

నవంబరు 14

టోపీలో వాసన తగ్గిపోతోంది. "ఇదిప్పుడు బీరువా వాసనొస్తోందే" అంది. మళ్లీ సగం గిన్నె దగ్గరే ఆగిపోతోంది.

నవంబరు 15

ఆయన నా ఎదురుగా కూర్చుని, చాలాసేపు గడ్డం గీరుకుని, అన్నాడు: "నువ్వు మీ గుడ్డల ఫ్యాక్టరీలో ఆపిల్ లేని చోట ఆపిల్ వాసన పెడతావు. పడక దుప్పట్లలో పుదీనా పెడతావు. నెలల తరబడి పోదంటావు."

"అయితే?"

"అయితే ఏముంది. నీకు తెలియదా నేనేం అడుగుతున్నానో."

తెలుసు. ఆయన అడగకముందే వాడి గళ్ల చొక్కా ఒకటి మాసిన బట్టల బుట్ట అడుగున దొరికింది. ఉతక్కుండా, గాలి చొరని సంచిలో కట్టి దాచాను. ఎందుకు దాచానంటే, అత్తగారికి పనికొస్తుందని.

నవంబరు 21

ఫ్యాక్టరీలో నేను చేసే పనిని వాడు ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. "వాసనకి చొక్కా తొడుగుతావన్నమాట" అనేవాడు. అంతే నిజానికి. వాసన నూనెను నీళ్లలో పోసి బాగా గిలకొడితే సన్న చుక్కలవుతుంది. ఒక్కో చుక్క చుట్టూ గుడ్డు పెంకులాంటి పొర కట్టేలా చేస్తాం. పిండికంటే మెత్తగా, కంటికి కనిపించకుండా, పాలలాగా ఉంటుంది. దానికి బంక కలిపి, గుడ్డను ముంచి, పిండి, వేడి గదిలో ఆరబెడతాం. తర్వాత ఎవరైనా ఆ గుడ్డను రుద్దితే రుద్దిన చోట పెంకులు పగిలి వాసన బయటికొస్తుంది. రుద్దనివి అలాగే ఉంటాయి. తలగుడ్డలు, దిండు గలీబులు, కారులో వేలాడదీసే బొమ్మలు, అన్నిటికీ ఇదే.

వాడి వాసనను దేనితో కట్టాలో నాకు తెలుసు. పద్నాలుగో ఏటి నుంచీ వాడి చొక్కాలు ఉతికినదాన్ని నేనే. గొర్రె ఉన్ని, డీజిలు మరక, చవక పొగాకు, మాడ్చి వేయించిన పొద్దుతిరుగుడు గింజలు. అవి వాడు నడుపుతూ నోట్లో పోసుకుని పొట్టు కిటికీలోంచి ఉమ్మేవాడు. లారీలో వేలాడదీసుకున్న చేదు మాచిపత్రి కొమ్మ. మా మైదానాల్లో ఏ దిక్కున నడిచినా కాళ్లకు తగిలేది అదే. వేసవి చివర కోసి కట్టుకునేవాడు.

అన్నీ కలిపాను. రాలేదు. లారీ వచ్చింది, మనిషి రాలేదు.

నవంబరు 23

మా ల్యాబ్ పెద్ద లుద్మిలా సెర్గేయెవ్నా నా వెనకాల వచ్చి నిలబడింది. కొరియా సంతతి మనిషి, ఇక్కడే పుట్టి పెరిగింది, ముక్కు కుక్క ముక్కు. నేను వాసన ముంచిన కాగితం ముక్క లాక్కుని పీల్చి చూసింది.

"ఇదెవరు కొంటారమ్మా? 'తడిసిన లారీ డ్రైవర్' అని పేరు పెట్టి అమ్ముదామా?"

నేను నవ్వలేదు. ఆమె నా ముఖం చూసింది. వీధిలో అందరికీ తెలిసినట్టే ఆమెకూ తెలుసు. కాగితం మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఈసారి నిదానంగా పీల్చింది.

"ఒళ్లు లేదు దీనికి" అంది. "జీలకర్ర వెయ్యి. చుక్కలో చుక్క. చెమటలా మారుతుంది. ఎవరికీ జీలకర్ర అని తెలియదు."

వేశాను. గది మధ్యలో నిలబడి కాగితం ఊపాను. తర్వాత బల్ల పట్టుకోవాల్సి వచ్చింది.

ఆమె నన్ను పట్టుకోలేదు. తలుపు దగ్గరికి వెళ్లి, లోపలికి ఎవరూ రాకుండా అక్కడే నిలబడి, ఏవో సీసాలు సర్దుతున్నట్టు చప్పుడు చేసింది.

నవంబరు 27

టోపీ అస్తరు ఊడదీసి, ముంచి, ఆరబెట్టి, పాత సూది రంధ్రాల్లోనే మళ్లీ కుట్టాను. కొంచెం ద్రవం మిగిలింది. సరిగా పట్టిందో లేదో చూడటానికని నా తలగుడ్డ కొంగున రాశాను. పరీక్ష కోసం ఏదో ఒక గుడ్డ కావాలి కదా.

నవంబరు 28

అత్తగారు టోపీని రెండు అరచేతుల మధ్య రుద్ది ముఖానికి ఆనించుకుంది.

"హమ్మ" అంది. "ఇదిగో. ఇదిగో వీడు."

సూపు అంతా తాగింది. ఆయన మధ్యాహ్నం నుంచీ నాతో చాలా మెత్తగా మాట్లాడుతున్నాడు. నేను మంచి పని చేశాను. మనసులో ఇంకోలా ఎందుకుంటుందో తెలియదు.

డిసెంబరు 9

చలికాలం మాంసానికి గుర్రాన్ని కోశాం. అత్తగారు చేతులతో తడుముతూ ముక్కలు పంచింది. నడుం ఎముక ఎవరికి, పక్కటెముక ఎవరికి, అన్నీ ఆమె వేళ్లకు తెలుసు. మంచి ముక్క ఒకటి ఉప్పు పట్టించి విడిగా గుడ్డలో కట్టించింది.

"ఇది చిన్నోడి వాటా. వసంతం దాకా రాకపోయినా సరే, దీన్ని ఎవరూ ముట్టుకోకండి."

"అలాగే అపా" అన్నాడాయన. ఆ గొంతు నాకు నచ్చలేదు. ఆ మాట నేనన్నా అంతే ఉండేదేమో.

మంచు గదిలో మీద అరలో పెట్టాను. పాలకు వెళ్లినప్పుడల్లా అది కనిపిస్తుంది.

డిసెంబరు 20

గుండె కుదుటపడిందని డాక్టరు అన్నాడు. ఇంటికొస్తూ బస్సులో ఆయన్ని అడిగాను, ఇప్పుడైనా చెబుదామా అని.

"ఈ చలి వెళ్లనీ" అన్నాడు.

"మొన్న గుండె అన్నావు."

"ఇప్పుడు చలి అంటున్నాను. నువ్వు చెబుతావా? చెప్పు, చూద్దాం."

నేను చెప్పకూడదని ఆయనకు తెలుసు. చావు కబురు ఎవరంటే వాళ్లు అనేసేది కాదు. వంశంలో పెద్దవాళ్లు కలిసి రావాలి, కూర్చోవాలి, టీ తాగాలి, ఎక్కడో దూరాన మొదలుపెట్టి, గద్ద గురించో గుర్రం గురించో చెబుతూ, వినేవాళ్ల గుండె సిద్ధపడ్డాక ఆ మాట అనాలి. అన్న వెంటనే పట్టుకోవడానికి పక్కన మనుషులుండాలి. కోడలు ఆ సమయంలో టీ పోస్తూ ఉండాలి.

జనవరి 6

టోపీకి మళ్లీ పూత వేశాను. ఆమె పడుకున్నప్పుడు తీసి, లేచేలోగా పెట్టేశాను.

తలగుడ్డకూ వేశాను. మిగిలిపోతే పారబోయడం ఎందుకని.

జనవరి 15

కరతావు నుంచి మామగారి తమ్ముడు వచ్చారు. మేం పిలవలేదు. తోలు కోటు, చేతికర్ర, గడ్డం నిండా మంచు. గేటు దగ్గరే మా ఆయనతో, "ఒరేయ్, ఒక తల్లికి కొడుకు చావు తెలియకుండా నెలలు దాచడం ఎక్కడి పద్ధతిరా? ఆమె ఏడుపు ఆమెది. నువ్వెవడివి దాన్ని దాచడానికి?" అన్నారు.

"బాబాయ్, నెమ్మదిగా" అన్నాడాయన.

లోపల కూర్చోబెట్టాను. టీ పోశాను. పెద్దాయన చాలాసేపు గొర్రెల గురించి మాట్లాడి, తర్వాత గొంతు మార్చి మొదలుపెట్టారు.

"వదినా, ఒక వేటగాడి దగ్గర ఒక గద్ద ఉండేది. తెల్లటి గద్ద. ముద్దుగా పెంచుకున్నాడు..."

అత్తగారు టోపీ మీద చెయ్యి పెట్టి కదలకుండా వింటోంది. అప్పుడు మా ఆయన గట్టిగా దగ్గి, "బాబాయ్, మీ వైపు మంచు ఎలా ఉంది, రోడ్లు తెరిచారా?" అన్నాడు.

పెద్దాయన గిన్నె కింద పెట్టారు.

"గద్ద ఏమైంది?" అంది అత్తగారు.

పెద్దాయన ఆయన వైపు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపాడు, చేతులు రెండూ దగ్గరగా పెట్టి. దణ్ణం పెట్టినట్టే ఉంది. అరవై ఏళ్లు పైబడ్డ పెద్దాయన, ఎన్ని ఇళ్లలో ఎన్ని కబుర్లు చెప్పి ఉంటారో, కిందికి చూస్తూ అన్నారు:

"ఎగురుతూనే ఉంది వదినా."

"మంచిది" అంది అత్తగారు. "టీ పోయవే మీ మామకి."

వెళ్లేటప్పుడు పెద్దాయన నాతో మాట్లాడలేదు. కర్రతో గేటు తోసుకుని వెళ్లిపోయారు.

జనవరి 16

రోజంతా టోపీ రుద్దుతూనే ఉంది.

జనవరి 24

పూత మామూలుగా ఉండాల్సినంత కాలం ఉండటం లేదు. అంత గట్టిగా రుద్దితే ఏ పెంకు మాత్రం నిలుస్తుంది. మళ్లీ వేశాను. ఈసారి చిక్కగా. లుద్మిలా సెర్గేయెవ్నా అడిగింది, "ఎంతకాలం వేస్తావు?" అని. నూనె అయిపోలేదు కదా అన్నాను. నేను అడిగింది నూనె గురించి కాదు అంది.

ఫిబ్రవరి 8

ఆయనకు నిద్ర పట్టడం లేదు. తమ్ముడి గురించి నాతో కూడా మాట్లాడడు. వాడి ఫోను నంబరు తీసేశాడో లేదో అడగాలనిపించింది, అడగలేదు. ఈయన చెప్పలేకపోవడం అత్తగారి గుండె గురించి కాదని నాకు ఎప్పుడో అర్థమైంది. తన నోటితో అంటే తమ్ముడు నిజంగా పోతాడు. అంతవరకూ కాస్పియన్ మీద ఎక్కడో పనిచేస్తూనే ఉంటాడు.

ఆయన్ని తప్పు పట్టడం సులువు. నా తలగుడ్డ సంగతి ఆయనకు తెలియదు.

ఫిబ్రవరి 19

ఫ్యాక్టరీ లేదు, ఇంట్లోనే ఉన్నాను. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో టోపీ.

"నువ్వు రోజూ మారతావు తెలుసా" అంది.

"ఏంటపా?"

"నిన్న బస్సులో ఎవరో పక్కన కూర్చుని చేపలు తిన్నారు. మొన్న నీకు జ్వరం. ఇవాళ ఉల్లిపాయ. నా పెద్దోడు కూడా అంతే, పొద్దున ఒక వాసన, సాయంత్రం ఒక వాసన. కోపం వస్తే ఇంకోటి. చిన్నోడైతే చెప్పక్కర్లేదు. వానలో ఒకటి, స్నానం చేస్తే ఒకటి, ఏ పిల్లతోనో తిరిగొస్తే ఒకటి. నా దగ్గర దాగేదా?"

నేను కత్తి ఆపలేదు.

"ఇది మాత్రం మారదు" అని టోపీ నా ఒళ్లో పెట్టింది. "ఎప్పుడు చూడు అదే. ఎండిపోని మాచిపత్రి. వేయించిన గింజలు. కొత్త పాట్లు ఏమీ పడలేదు వీడు. బతికున్నవాడికి వాసన ఇలా ఆగిపోదే."

కత్తి ఆగిపోయింది.

"నీ తలగుడ్డలో కూడా అదే ఉంది" అంది. "నా దగ్గర వంగి టీ ఇచ్చినప్పుడల్లా. నేనేమైనా అన్నానా?"

అప్పటికి ఆయన పెరట్లో మంచు తీస్తున్నాడు. ఆమె పెద్ద గొంతుతో పిలిచింది. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ తమ్ముడు ఎక్కడరా?"

"కాస్పియన్..."

"నా ముఖం చూసి చెప్పు. నాకు కళ్లు లేకపోతే ఏం, నీకున్నాయిగా."

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్లిపోయాడు. పార మంచులో పడుతున్న చప్పుడు వినిపించింది, ఇంతకుముందు కంటే వేగంగా. తీసిన చోటే తీస్తున్నాడు.

"నువ్వు చెప్పు" అంది నాతో.

"కోడలు చెప్పకూడదపా. పెద్దవాళ్లని పిలుస్తాను. రేపే పిలుస్తాను."

"పెద్దవాళ్లు వచ్చారు. గద్ద ఎగురుతోందన్నారు." ఆమె చెయ్యి నా మోకాలి మీద పడింది. ఉన్ని దారంలా తేలిగ్గా ఉంది. "నేను గట్టిగానే ఉన్నానే. ఆ రోజు నుంచీ సిద్ధపడుతూనే ఉన్నాను. ఇంకెవరూ అననంటున్నారు. నేనేమో ఎవరో ఒకరు అనకుండా ఏడవలేను."

ఏ గద్ద కథా నాకు గుర్తు రాలేదు. ఏ గుర్రం కథా రాలేదు. పదిహేనేళ్లుగా నోట్లోనే ఉన్న మాట ఒకటి బయటికొచ్చింది.

"ఎల్దోస్ లేడపా" అన్నాను. "మొదటి మంచులో. బల్ఖాష్ దారిలో. మామగారి పక్కనే ఉన్నాడు."

ఆమె నా ఒళ్లోని టోపీ తడిమి చూసింది. తర్వాత, "పేరు పెట్టి పిలిచావు" అంది.

తప్పు పట్టడానికి కాదు. నేను ఆ పేరు పలికానంటే ఇక పిలిస్తే పలికేవాడు లేడని ఆమెకు అర్థమైంది.

తన తలగుడ్డ తీసేసింది. తెల్లటి జుట్టు భుజాల మీద పడింది. ముందుకూ వెనక్కూ ఊగుతూ, మొదట గొంతులోనే, తర్వాత ఇల్లంతా, కొడుకు పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టి పాటగా ఏడ్చింది. నాకు తెలియని సంగతులు ఎన్నో ఆ పాటలో ఉన్నాయి. బయట పార చప్పుడు ఆగింది. ఆయన లోపలికి రాలేదు. కిటికీ అద్దానికి నుదురు ఆనించి అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టాడు.

ఆమె గుండె ఆగలేదు.

ఫిబ్రవరి 20

మనుషులు వస్తున్నారు. మగవాళ్లు గేటు దగ్గరి నుంచే "నా తమ్ముడా" అని ఏడుస్తూ వస్తున్నారు. ఇన్ని నెలలు దాచుకున్న ఏడుపంతా. ఎదురింటి ముసలావిడకు గేటు దగ్గర ఆగాల్సిన పని లేకపోయింది. నేను టీ పోస్తున్నాను.

ఫిబ్రవరి 22

కరతావు పెద్దాయన వచ్చారు. అత్తగారి చేతులు రెండూ పట్టుకుని, "వదినా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను" అన్నారు.

"చెప్పావులే. నీ గొంతు నిజమే చెప్పింది" అంది.

చిన్నోడి వాటా దించి వండమంది. వచ్చినవాళ్లంతా తిన్నారు. అంత పెద్ద ముక్క కాదు, అందరికీ ఎలా సరిపోయిందో. టీ పోస్తూనే ఉన్నాను.

ఫిబ్రవరి 25

టీ.

మార్చి 2

అందరూ వెళ్లిపోయారు. ఆయన ఊరికి వెళ్లాడు, సమాధి చుట్టూ ఇటుక కట్టించడానికి.

పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచం, వాళ్లను ప్రేమించినవాళ్లకు పంచుతాం. అత్తగారు ఒక్కొక్కటే తడిమి ఎవరికేది ఇవ్వాలో చెప్పింది. గళ్ల చొక్కా లుద్మిలా సెర్గేయెవ్నా కొడుక్కి అంది. ఆమె వచ్చి ఏడ్చి వెళ్లింది కదా. చివరికి టోపీ మిగిలింది.

"ఇది ఉతికి ఆ పెద్దాయనకి పంపు. చెవులకి చలి ఆయనకి."

నేను మాట్లాడకపోయేసరికి, "ఉతికితే ఏమవుతుంది?" అంది.

చెప్పాను. మిగిలిన పెంకులన్నీ ఒక్కసారే పగులుతాయి, కొన్నాళ్లపాటు రావాల్సినదంతా ఒక్క పూటలో వచ్చేస్తుంది, తర్వాత ఇక ఏమీ ఉండదు అని.

"సరే అయితే. ఇక్కడే ఉతుకు. నా ముందు."

నీళ్లు కాచి, పెద్ద బేసిన్ వంటింటి మధ్యలో పెట్టి, టోపీ ముంచి రుద్దాను. జనవరిలో చిక్కగా వేసిన పూత. వేడికి, రుద్దుడుకు వాసన ఆవిరిలో లేచింది. వంటిల్లు నిండింది, నడవ నిండింది, పడకగది దాకా వెళ్లింది. డీజిలు, ఉన్ని, గింజలు, మాచిపత్రి, చెమట. బూట్లు విప్పకుండా లోపలికొచ్చి, మూతలన్నీ తీసి చూసి, "వదినా, తినడానికేముంది?" అనే వాసన. అత్తగారు ముఖం పైకెత్తుకుని, పెదవులు కదులుతుండగా, దాన్నంతా లోపలికి తీసుకుంది.

తర్వాత అంది, "కిటికీ తెరువు."

"చలి అపా."

"తెరువే. వాడికి ఉక్కపోస్తుంది."

తెరిచాను. కొండల మీంచి మంచుగాలి లోపలికొచ్చింది. ఇద్దరం బేసిన్ పక్కనే కూర్చున్నాం. వాసన పలచబడింది, తర్వాత ఉల్లిపాయ వాసన, సబ్బు వాసన మిగిలాయి.

నా తలగుడ్డ విప్పి, దాన్ని కూడా బేసిన్‌లో వెయ్యబోయాను. ఆమె చప్పుడు విని నా చెయ్యి పట్టుకుంది.

"అది తర్వాత."

"ఎందుకపా?"

"నువ్వింకా ఏడవలేదు కదే, నా ఒంటెపిల్లా. వచ్చినవాళ్లందరికీ టీ పోశావు. నీకెవరు పోశారు?" ఒంటెపిల్ల అనేది మా వాళ్లు కన్నపిల్లల్ని ముద్దుగా పిలిచే పేరు.

నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి తాను లేచింది. తడుముకుంటూ గిన్నె తీసింది, టీ కాచే సమోవార్ పిడి వెతుక్కుంది, పాలు పోసింది. పదిహేనేళ్లలో ఆ ఇంట్లో నేను కూర్చుని, ఆమె పోయడం ఎన్నడూ లేదు. గిన్నె నిండా పోస్తే మా ఇళ్లలో ఇక లేచి వెళ్లమని అర్థం. కళ్లు లేని మనిషి నిండా పోసింది, పొంగి బల్లగుడ్డ మీదికి కారుతున్నా పోస్తూనే ఉంది. తర్వాత నా తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది.

తలగుడ్డ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఎల్దోస్ అని పిలుస్తూ ఏడ్చాను. ఆమె వద్దనలేదు.